ఎథిక్స్, సీఎస్‌ఆర్ ఇంగ్లీషు: ఏ మాట వెనక ఏ సెక్షను, ఎంత డబ్బు, ఏ కాగితం

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: రణస్థలం దగ్గర ఒక మందుల కంపెనీలో హెచ్‌ఆర్ విభాగంలో కొత్తగా చేరారు. డిగ్రీ దాకా తెలుగు మీడియం. సీఎస్‌ఆర్ (కార్పొరేట్ సోషల్ రెస్పాన్సిబిలిటీ, అంటే కంపెనీ సామాజిక బాధ్యత) ఫైళ్లు కూడా మీ నెత్తినే పెట్టారు. మీటింగులో కంప్లయన్స్, స్టేక్‌హోల్డర్, మెటీరియాలిటీ, విజిల్ మెకానిజం అంటూ మాటలు దొర్లుతుంటే తల ఊపడం తప్ప ఏమీ పాలుపోవడం లేదు. నెలాఖరుకి కోడ్ ఆఫ్ కాండక్ట్ (ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి) మీద ఆన్‌లైన్ పరీక్ష ఉంది. ఏ డిక్షనరీ కొనమంటారు?

డిక్షనరీ కొనకండి. ఈ రంగంలో మాటకి అర్థం నిఘంటువులో దొరకదు, చట్టంలోనో కంపెనీ పాలసీలోనో ఉంటుంది. ‘రిలేటివ్’ అంటే చుట్టం అని ఎవరికి తెలీదు? 2013 కంపెనీల చట్టం మాత్రం ఆ మాటకి ఒక జాబితా కట్టింది: భార్య లేదా భర్త, హిందూ అవిభక్త కుటుంబంలో సభ్యులు, తల్లి, తండ్రి, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. బావమరిది అందులో లేడు. మన వైపు బస్సు కాంట్రాక్టయినా, క్యాంటీన్ కాంట్రాక్టయినా ఎవరి పేరు మీద తీసుకుంటారో మీకు చెప్పక్కర్లేదు. అంటే చట్టం దృష్టిలో రిలేటివ్ కాని మనిషి, మీ కంపెనీ కోడ్‌లో మాత్రం ‘కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్’, అంటే సొంత ప్రయోజనానికీ ఉద్యోగ బాధ్యతకీ పొసగకపోవడం, కింద పడొచ్చు. చాలా కోడ్‌లు అత్తింటి వారిని కూడా కలిపి రాస్తాయి. ఈ తేడా ఏ నిఘంటువూ చెప్పదు.

కాబట్టి మాట కనపడగానే నాలుగు సంగతులు అడగండి. ఇది చట్టం చెప్పిందా, కంపెనీ తనంతట తాను రాసుకున్నదా? చెయ్యాల్సింది ఎవరు? ఎంత, ఎప్పటిలోగా? దానికి రుజువుగా మిగిలే కాగితం ఏది? నోటుబుక్కులో అయిదు గళ్లు గీసి, మొదటి గడిలో మాట, మిగతా నాలుగింట్లో వీటి జవాబులు రాసుకోండి. నలభై యాభై మాటలు ఇలా రాస్తే మీటింగులో దాదాపు ఏదీ కొత్తగా అనిపించదు.

పెద్ద మాటల కంటే ముందు చిన్న మాటలు పట్టుకోండి. ‘షల్’ అని ఉంటే చేసి తీరాలి. ‘షుడ్’ అంటే చేస్తే మంచిది, చేయకపోతే కారణం అడుగుతారు. ‘మే’ అంటే చేయొచ్చు, మానొచ్చు. ‘షల్ ఎండీవర్ టు’ అని కనపడితే జాగ్రత్త: చూడడానికి షల్ ఉన్నా, కట్టుబడింది ప్రయత్నానికే, ఫలితానికి కాదు. చట్టంలో షల్ ఉన్నంత మాత్రాన అన్నీ ఒకే బరువు తూగవు కూడా. కంపెనీ తను పనిచేసే చోటుకి, చుట్టుపక్కల ప్రాంతానికి సీఎస్‌ఆర్‌లో ప్రాధాన్యం ఇవ్వాలని అదే కంపెనీల చట్టం 135వ సెక్షన్‌లో షల్‌తోనే రాశారు. అయితే అది ‘డైరెక్టరీ’యే గానీ ‘మాండేటరీ’ కాదని కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ 2021లో ఇచ్చిన ప్రశ్నోత్తరాల్లో తేల్చింది. ఇక్కడ డైరెక్టరీ అంటే ఫోన్ నంబర్ల పుస్తకం కాదు, ‘దిశ చూపేది, బలవంతం లేనిది’ అని. ఊరి సర్పంచి వచ్చి ‘లాభంలో రెండు శాతం మా పంచాయతీకే ఇవ్వాలని చట్టం ఉందట కదా’ అని నిలదీసినప్పుడు పనికొచ్చే మాట ఇది.

ఇప్పుడు సీఎస్‌ఆర్ సంగతి. మనకి దాతృత్వం తెలుసు. గుడికి చందా, బడికి బెంచీలు, అన్నదానం. ఇంగ్లీషులో అది ఛారిటీ లేదా ఫిలాంత్రపీ. మన దేశంలో సీఎస్‌ఆర్ అన్న మాటకి 2014 ఏప్రిల్ 1 నుంచి చట్టం గీసిన హద్దులున్నాయి. ఏ ఏడాదికైనా దాని ముందటి ఆర్థిక సంవత్సరంలో నెట్‌వర్త్ (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేది) 500 కోట్లు, టర్నోవర్ (మొత్తం అమ్మకాలు) 1000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి చేరినా ఆ కంపెనీకి 135వ సెక్షన్ వర్తిస్తుంది. గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం ఖర్చు పెట్టాలి. ఇక్కడి ‘నెట్ ప్రాఫిట్’ లాభనష్టాల ఖాతా చివర కనపడేది కాదు, 198వ సెక్షన్ ప్రకారం లెక్కగట్టేది, పన్ను తీయకముందుది. కొత్తవాళ్లు పన్ను పోగా మిగిలింది పట్టుకుని లెక్కేసి తక్కువ చూపించేది ఇక్కడే.

ఒక లెక్క చూడండి. మూడేళ్ల లాభాలు వరసగా 6, 8, 10 కోట్లు అనుకుందాం. సగటు 8 కోట్లు. రెండు శాతం అంటే 16 లక్షలు. దీన్నే ‘సీఎస్‌ఆర్ ఆబ్లిగేషన్’ అంటారు. ఈ మొత్తం 50 లక్షలు దాటకపోతే విడిగా ‘సీఎస్‌ఆర్ కమిటీ’ వేయక్కర్లేదు, బోర్డే ఆ పని చూసుకోవచ్చు. ‘అడ్మినిస్ట్రేటివ్ ఓవర్‌హెడ్స్’ ఆ ఏడాది మొత్తం సీఎస్‌ఆర్ ఖర్చులో 5 శాతం దాటకూడదు, ఇక్కడ 80 వేలు. ఈ 5 శాతం మీ కంపెనీ సీఎస్‌ఆర్ విభాగం నడపడానికయ్యే సాధారణ ఖర్చుకి మాత్రమే. స్వచ్ఛంద సంస్థలు తమ ప్రతిపాదనలో ‘అడ్మిన్ 5 శాతం’ అని ఒక వరస రాసి పంపుతుంటాయి, చాలామంది అదే ఇదనుకుంటారు. వాళ్ల ఖర్చు మీ ఓవర్‌హెడ్స్‌లోకి రాదు. వాళ్ల మనుషుల జీతాలు, ప్రయాణాలు ఆ ప్రాజెక్టుకి నేరుగా సంబంధించినవైతే ప్రాజెక్టు ఖర్చుగానే, పద్దుల వారీగా చూపించమనండి.

‘అన్‌స్పెంట్’ అన్న మాట విన్నప్పుడు అకౌంట్స్ వాళ్ల ముఖాలు ఎందుకు మారతాయో కూడా తెలిసుండాలి. 2013లో చట్టం వచ్చినప్పుడు పద్ధతి ‘కంప్లై ఆర్ ఎక్స్‌ప్లెయిన్’: ఖర్చు చేయండి, లేదా ఎందుకు చేయలేదో బోర్డు నివేదికలో రాయండి. 2021 జనవరి 22 నుంచి ఆ వెసులుబాటు పోయింది. ‘ఆన్‌గోయింగ్ ప్రాజెక్టు’ డబ్బు మిగిలితే ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో విడిగా ‘అన్‌స్పెంట్ సీఎస్‌ఆర్ అకౌంట్’లో వేసి, మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఖర్చు పెట్టాలి. ఆన్‌గోయింగ్ కాని వాటిలో మిగిలితే ఆరు నెలల్లో చట్టంలోని ఏడో షెడ్యూలులో (సీఎస్‌ఆర్ కిందికి వచ్చే పనుల జాబితాలో) చెప్పిన నిధికి, ఉదాహరణకు ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధికి, జమ చేయాలి. తప్పితే కంపెనీకి ఆ మొత్తానికి రెట్టింపు లేదా కోటి రూపాయలు, ఏది తక్కువైతే అది జరిమానా. బాధ్యుడైన అధికారికి పదో వంతు లేదా 2 లక్షలు, ఏది తక్కువైతే అది. ఆన్‌గోయింగ్ అంటే కూడా ‘ఇంకా నడుస్తున్నది’ అని తేలిగ్గా తీసుకోకండి. ఒక ఏడాదికి మించి సాగేది, మొదలైన ఏడాదిని పక్కన పెడితే మూడేళ్లు దాటనిది, అదీ దాని నిర్వచనం. మార్చి నెలాఖరున పని పూర్తి కాలేదు కాబట్టి దానికి ఆన్‌గోయింగ్ అని పేరు తగిలిద్దామంటే కుదరదు. బోర్డు తగిన కారణంతో అలా తీర్మానించి ఉండాలి.

ఏది సీఎస్‌ఆర్ కాదో తెలిస్తే సగం పని అయిపోతుంది. ఉద్యోగులకి మాత్రమే ఉపయోగపడేది కాదు. రాజకీయ పార్టీకిచ్చే విరాళం కాదు. కంపెనీ మామూలు వ్యాపారంలో భాగమైన పని కాదు. ‘స్పాన్సర్‌షిప్’ కాదు: విజయనగరంలో సిరిమానోత్సవానికి కంపెనీ పేరుతో ఫ్లెక్సీలు కట్టి ఇచ్చిన డబ్బు ప్రచార ఖర్చే. ‘స్టాట్యుటరీ ఆబ్లిగేషన్’, అంటే వేరే చట్టం కింద ఎలాగూ చేయాల్సింది, సీఎస్‌ఆర్ కాదు. మీలాంటి రసాయన, మందుల పరిశ్రమల్లో ఎక్కువగా జారిపడేది ఈ చివరి దాని దగ్గరే. పర్యావరణ అనుమతి షరతుల్లో గ్రీన్‌బెల్ట్ పెంచమని ఉంటే, ఆ మొక్కల ఖర్చు సీఎస్‌ఆర్ పద్దులో రాయకూడదు. కొత్త యూనిట్‌కో విస్తరణకో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఊరివాళ్లకిచ్చిన హామీలు కూడా అంతే, అవి ‘ఎన్విరాన్‌మెంట్ మేనేజ్‌మెంట్ ప్లాన్’లోకి వెళ్తాయి. దానికి విడిగా బడ్జెటుంటుంది. ఒకే చెరువు పూడికతీతని రెండు పద్దుల్లోనూ చూపించడాన్ని ‘డబుల్ కౌంటింగ్’ అంటారు. ఆడిటర్ ముందుగా వెతికేది అదే.

ఏవి సీఎస్‌ఆర్ అవుతాయో ఏడో షెడ్యూలులో ఉంటుంది. తాగునీరు, పౌష్టికాహారం, వైద్యం, చదువు, వృత్తి నైపుణ్యాలు, పర్యావరణం, గ్రామీణాభివృద్ధి, విపత్తు సహాయం, ఇలా. అందులో అయిదో అంశం చాలామంది చూడరు: సంప్రదాయ కళలు, హస్తకళలు. పొందూరు ఖాదీ నేతకి, బొబ్బిలి వీణల తయారీకి శిక్షణ ఇప్పించే పని ఆ వరసలో చక్కగా ఇముడుతుంది. ప్రతిపాదన రాసేటప్పుడు ‘దిస్ ప్రాజెక్ట్ ఫాల్స్ అండర్ ఐటమ్ ఫైవ్ ఆఫ్ షెడ్యూల్ సెవెన్’ అని మొదటి పేరాలోనే రాసేయండి. పై అధికారి కళ్లు ముందు వెతికేది ఆ వాక్యం కోసమే.

ప్రాజెక్టు భాషకి మంచినీళ్ల ప్లాంటు ఒక్కటి చాలు, మొత్తం మాటలన్నీ అందులో దొరుకుతాయి. తీర మండలాల్లో ఒక ఊళ్లో గంటకి వెయ్యి లీటర్లిచ్చే ఆర్‌వో ప్లాంటు పెట్టాలనుకున్నారు. పెట్టకముందు బోరు నీటిలో టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల మొత్తం) ఎంత, ఎన్ని ఇళ్లు ఏ నీళ్లు తాగుతున్నాయి అని రాసుకోవడం ‘బేస్‌లైన్’. ఇది లేకపోతే తర్వాత చెప్పేవన్నీ గాలిమాటలే. అసలు ఊరికి కావాల్సింది ఇదేనా అని అడగడం ‘నీడ్ అసెస్‌మెంట్’. లీటరుకి 500 మిల్లీగ్రాముల టీడీఎస్ దాకా మంచిదేనని, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా సహించవచ్చని తాగునీటికి భారతీయ ప్రమాణం ఉంది. బేస్‌లైన్‌లో 400 వచ్చిన ఊళ్లో, ఉప్పదనం తగ్గించడానికని ఆర్‌వో పెడితే నీడ్ అసెస్‌మెంట్ చేయలేదని ఇట్టే తెలిసిపోతుంది.

ప్లాంటు నిలబడింది, అది ‘అవుట్‌పుట్’. ఆర్నెల్ల తర్వాత ఇన్ని ఇళ్లవాళ్లు రోజూ ఆ నీళ్లే పట్టుకెళ్తున్నారు, అది ‘అవుట్‌కమ్’. ఏళ్లు గడిచాక జనం ఆరోగ్యంలో కనపడే మార్పు ‘ఇంపాక్ట్’. ప్రారంభోత్సవం ఫోటో పెట్టి కింద ‘ఇంపాక్ట్’ అని రాయడం మన దగ్గర మహా మామూలు. అది అవుట్‌పుట్ కూడా కాదు, రిబ్బన్. ఉద్దానంలో అయితే ఈ మాటతో మరీ జాగ్రత్తగా ఉండాలి. అక్కడి కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని శాస్త్రవేత్తలే ఇంకా గట్టిగా తేల్చలేదు. కాబట్టి ‘మా ప్లాంటు వల్ల కిడ్నీ కేసులు తగ్గాయి’ అని నివేదికలో రాస్తే నిరూపించలేరు. ‘ఇన్ని కుటుంబాలకి ఇంత టీడీఎస్ ఉన్న నీళ్లు అందుతున్నాయి’ అని రాయండి, అది కొలవగలిగేది. చట్టప్రకారం ‘ఇంపాక్ట్ అసెస్‌మెంట్’ అందరికీ లేదు. గత మూడేళ్లలో సగటున 10 కోట్లు, ఆపైన ఆబ్లిగేషన్ ఉన్న కంపెనీలు, కోటి లేదా అంతకు మించిన ప్రాజెక్టులకి, అవి పూర్తయిన ఏడాది తర్వాత, బయటి సంస్థతో చేయించాలి. మిగతావాళ్లు చేసుకుంటే మంచిదే, తప్పనిసరి కాదు.

ఇక ఆ ప్లాంటు ఎవరిది? కంపెనీ తన పేరు మీద ఉంచుకోకూడదు. సీఎస్‌ఆర్ డబ్బుతో కట్టిన ‘క్యాపిటల్ అసెట్’ పంచాయతీ లాంటి ప్రభుత్వ సంస్థ పేరు మీదో, నమోదైన ట్రస్టు లేదా సొసైటీ పేరు మీదో, లబ్ధిదారుల సంఘం పేరు మీదో ఉండాలి. ఈ అప్పగింతే ‘హ్యాండోవర్’. ప్లాంట్లు మూతపడేది కూడా దీని తర్వాతే: మెంబ్రేన్ (నీటిని వడకట్టే పొర) మార్చే డబ్బు ఎవరిది, కరెంటు బిల్లు ఎవరు కడతారు, ఆపరేటర్ జీతం ఎక్కడి నుంచి వస్తుంది, బయటికి పోయే ఉప్పునీళ్లు ఎటు పంపాలి, ఇవి ఎవరూ రాసుకోరు. ‘ఓ అండ్ ఎమ్’, అంటే నడపడం, మరమ్మతులు, ఈ పద్దుకి కనీసం రెండు మూడేళ్ల లెక్క ఒప్పందంలోనే ఉండాలి. అందుకే ఈ ఒప్పందాన్ని ‘ఎమ్‌వోయూ’ అని తేలిగ్గా వదిలేయకుండా అందులో ‘మైల్‌స్టోన్’, ‘ట్రాంచ్’ అన్న మాటలు వెతకండి. మైల్‌స్టోన్ అంటే పని ఇక్కడిదాకా వచ్చిందని చూపించే గుర్తు, ట్రాంచ్ అంటే ఆ గుర్తు చేరాక విడుదలయ్యే విడత సొమ్ము. విడతల్ని తారీఖులకి కాకుండా మైల్‌స్టోన్లకి ముడిపెట్టాలి. చివరి విడతలో 10 శాతమైనా హ్యాండోవర్ కాగితం చేతికొచ్చాకే ఇచ్చేలా పెట్టండి, లేకపోతే ఆ కాగితం ఎప్పటికీ రాదు. ప్రతి విడత తర్వాత సంస్థ ‘యుటిలైజేషన్ సర్టిఫికెట్’, అంటే డబ్బు దేనికి వాడారో చెప్పే పత్రం, ఇవ్వాలి. డబ్బు అనుమతించిన పనికే వాడారని కంపెనీ ఆర్థికాధికారి బోర్డుకి విడిగా ధ్రువీకరించాలి.

పనిచేసే సంస్థని ‘ఇంప్లిమెంటింగ్ ఏజెన్సీ’ అంటారు. 2021 ఏప్రిల్ 1 నుంచి అది ‘సీఎస్‌ఆర్-1’ ఫారం దాఖలు చేసి రిజిస్ట్రేషన్ నంబరు తెచ్చుకోవాలి. మీ కంపెనీ సొంతంగా పెట్టుకున్నది కాక బయటి స్వచ్ఛంద సంస్థ అయితే ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఎ, 80జి నమోదులతో పాటు కనీసం మూడేళ్ల పని అనుభవం చూపించాలి. ఇవన్నీ సరిచూడటమే ‘డ్యూ డిలిజెన్స్’. నంబరుందా అని చూసి ఊరుకోకండి. మూడేళ్ల ఆడిట్ లెక్కలు అడగండి, వాళ్లు గతంలో పనిచేసిన ఊరికి ఒకసారి వెళ్లి రండి, ట్రస్టీల పేర్లని మీ కంపెనీ డైరెక్టర్ల, మేనేజర్ల బంధువులతో పోల్చి చూడండి.

ఇక్కడి నుంచి ఎథిక్స్ వైపు మాటలు. కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్ మూడు రకాలుగా చెబుతారు: ‘యాక్చువల్’, ‘పొటెన్షియల్’, ‘పర్సీవ్డ్’. మీ బావమరిది బస్సు కాంట్రాక్టుకి టెండరు వేశాడు, ఆ టెండర్లు చూసేది మీరే: ఇది యాక్చువల్. టెండరు వేయలేదు గానీ అతనికి బస్సులున్నాయి, మీకు రవాణా బాధ్యత వచ్చింది: పొటెన్షియల్. మీకు ఆ టెండరుతో సంబంధమే లేకపోయినా బయటివాళ్లకి అలా కనపడుతుంది: పర్సీవ్డ్. కాన్‌ఫ్లిక్ట్ ఉండడం తప్పు కాదు, దాచడం తప్పు. చాలామందికి అర్థం కానిది ఇదే, అందుకే నోరు మూసుకుని ఇరుక్కుంటారు. చేయాల్సింది ‘డిస్‌క్లోజ్’, ‘రిక్యూజ్’, ‘రికార్డ్’. ముందు రాతపూర్వకంగా చెప్పడం, ఆ నిర్ణయం నుంచి పక్కకి తప్పుకోవడం, తప్పుకున్నట్టు మినిట్స్‌లో రాయించడం. డైరెక్టర్లయితే 184వ సెక్షన్ కింద ‘ఎమ్‌బీపీ-1’ ఫారంలో ఏటా తమ ఆసక్తులు బోర్డుకి తెలపాలి.

లంచానికి మన భాషలో ఎన్ని పేర్లున్నాయో ఇంగ్లీషులోనూ అన్నున్నాయి. ‘బ్రైబ్’ మొత్తానికి పేరు. ‘కిక్‌బ్యాక్’ అంటే కాంట్రాక్టరు బిల్లులోంచి కొంత తిరిగి మీ చేతికొచ్చేది, మనం కమీషన్ అనేది. ‘ఫెసిలిటేషన్ పేమెంట్’ అంటే ఎలాగూ జరగాల్సిన పని త్వరగా జరగడానికిచ్చే మామూలు. ఈ చివరి మాట దగ్గర అమెరికా నుంచి వచ్చిన శిక్షణ వీడియోలు తప్పుదోవ పట్టిస్తాయి. 1977 నాటి వాళ్ల చట్టం విదేశీ అధికారులకిచ్చే అలాంటి చిన్న చెల్లింపులకి మినహాయింపు ఇస్తుంది. బ్రిటన్ 2010 చట్టంలో అలాంటి మినహాయింపు లేదు. మన అవినీతి నిరోధక చట్టంలోనూ లేదు. పైగా 2018 సవరణ తర్వాత ఇచ్చినవాడికీ ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు. బలవంతం మీద ఇచ్చి ఉంటే ఏడు రోజుల్లో పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెబితేనే రక్షణ. బహుమతుల పాలసీలో ‘నామినల్ వ్యాల్యూ’ (నామమాత్రపు విలువ) అని ఉంటే ఎన్ని రూపాయలో అడిగి తెలుసుకోండి, కంపెనీని బట్టి మారుతుంది. దీపావళి మిఠాయి పెట్టె సరే, నగదుకీ గిఫ్ట్ కార్డుకీ మాత్రం చాలా కంపెనీల్లో నామినల్ అన్నది ఉండదు.

‘విజిల్‌బ్లోయర్’ అంటే కంపెనీలో జరిగే తప్పుని బయటపెట్టే మనిషి. చట్టంలో ఆ ఏర్పాటు పేరు ‘విజిల్ మెకానిజం’. వినడానికి రెండూ విజిలే గానీ స్పెల్లింగులు వేరు, అర్థాలు వేరు: రెండోది ‘నిఘా’ అన్న అర్థంలో వచ్చిన మాట. లిస్టెడ్ కంపెనీలకి (స్టాక్ మార్కెట్లో షేర్లు నమోదైనవాటికి), ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకునేవాటికి, బ్యాంకుల దగ్గర 50 కోట్లకి మించి అప్పున్నవాటికి ఇది తప్పనిసరి. ఇందులో ‘అనానిమస్’, ‘కాన్ఫిడెన్షియల్’ తేడా బాగా గుర్తుంచుకోండి. అనానిమస్ అంటే చెప్పిందెవరో ఎవరికీ తెలీదు. కాన్ఫిడెన్షియల్ అంటే విచారించేవాళ్లకి తెలుసు, వాళ్లు బయటపెట్టరు. మీ హాట్‌లైన్ (ఇలాంటి ఫిర్యాదులు తీసుకునే ఫోన్ నంబరు) ఈ రెండిట్లో ఏదో తెలియకుండా కార్మికులకి ‘మీ పేరు ఎవరికీ తెలీదు’ అని మాటివ్వకండి. చెప్పినందుకు బదిలీ చేయడం, ఇంక్రిమెంట్ ఆపడం లాంటివి ‘రిటాలియేషన్’. ‘ఇన్ గుడ్ ఫెయిత్’ అంటే ఆరోపణ నిజమని తేలాలని కాదు, చెప్పినవాడు నిజమని నమ్మి చెప్పి ఉండాలి.

లైంగిక వేధింపుల చట్టం 2013 నాటిది. పదిమంది, ఆపైన పనిచేసే చోట ‘ఇంటర్నల్ కమిటీ’ ఉండాలి. అధ్యక్షురాలు సీనియర్ మహిళా ఉద్యోగి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, బయటి నుంచి ఒకరు. ఫిర్యాదుకి గడువు మూడు నెలలు, కారణముంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించొచ్చు. విచారణ 90 రోజుల్లో ముగించాలి. ఫిర్యాదు ఎదుర్కొంటున్న వ్యక్తిని కాగితాల మీద ‘అక్యూజ్డ్’ అనకండి, ‘రెస్పాండెంట్’ అనాలి. హెచ్‌ఆర్‌లో ఉన్నారు కాబట్టి ఆ ఫైలు మీ చేతికొచ్చే రోజుంటుంది.

స్టేక్‌హోల్డర్ అంటే ‘షేర్‌హోల్డర్’ కాదు. వాటాదారులు అందులో ఒక భాగం మాత్రమే. కార్మికులు, సరుకు ఇచ్చేవాళ్లు, కొనేవాళ్లు, మీ వ్యర్థ జలాల గురించి భయపడే పక్క ఊళ్ల మత్స్యకారులు, అందరూ స్టేక్‌హోల్డర్లే. ప్రభుత్వ అనుమతులన్నీ ఉన్నా ఊరు ఒప్పుకోకపోతే పని సాగదు, ఆ ఒప్పుదలని ‘సోషల్ లైసెన్స్ టు ఆపరేట్’ అంటారు. ఇది ఏ కార్యాలయమూ ముద్ర వేసి ఇచ్చే కాగితం కాదు. దీని అర్థం శ్రీకాకుళం జిల్లావాళ్లకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు, 2010 జూలై 14న సోంపేటలో థర్మల్ ప్లాంటు గొడవలో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి.

ఈఎస్‌జీ (పర్యావరణం, సమాజం, కంపెనీ నడిపే తీరు), బీఆర్‌ఎస్‌ఆర్ (బిజినెస్ రెస్పాన్సిబిలిటీ అండ్ సస్టెయినబిలిటీ రిపోర్ట్) అన్న పొట్టి మాటలు లిస్టెడ్ కంపెనీలవి. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి కంపెనీలకి 2022-23 నుంచి స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ బీఆర్‌ఎస్‌ఆర్ నివేదికని తప్పనిసరి చేసింది. తొమ్మిది సూత్రాల కింద ప్రశ్నలుంటాయి, వాటిలో ‘ఎసెన్షియల్’ అన్నవి నింపి తీరాలి, ‘లీడర్‌షిప్’ అన్నవి ఇష్టమైతేనే. మీది లిస్టెడ్ కాకపోయినా మీ దగ్గర కొనే పెద్ద కంపెనీ ఆ ప్రశ్నలే మీకు పంపుతుంది. అక్కడ కర్బన ఉద్గారాల లెక్కలో ‘స్కోప్ 1, 2, 3’ వస్తాయి: మీ బాయిలర్‌లో కాలే బొగ్గు పొగ స్కోప్ 1, ఈపీడీసీఎల్ నుంచి కొన్న కరెంటు స్కోప్ 2, విశాఖ పోర్టుకి సరుకు మోసే అద్దె లారీలు స్కోప్ 3. ‘మెటీరియల్’ అంటే ఇక్కడ సామగ్రి కాదు, పెట్టుబడిదారుడి నిర్ణయాన్ని మార్చగలిగేంత ముఖ్యమైనది అని. మందుల కంపెనీకి వ్యర్థ జలాలు మెటీరియల్, ఆఫీసులో కాగితం కప్పుల వాడకం కాదు. కప్పుల మీద నాలుగు పేజీలు, వ్యర్థ జలాల మీద నాలుగు వరసలు రాస్తే ‘గ్రీన్‌వాషింగ్’ అంటారు. ప్రకటనల్లో ఇలాంటి మోసపు పచ్చదనం మీద కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు కూడా తెచ్చింది.

‘కార్పొరేట్ గవర్నెన్స్’, అంటే కంపెనీని నడిపే తీరు, దాని గురించి ఒక్కటే చెబుతాను. 2008లో ఆ పేరు మీదే అవార్డు తీసుకున్న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్, 2009 జనవరి 7న బోర్డుకి రాసిన ఉత్తరంలో 5,040 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలు అసలు లేనేలేవని ఒప్పుకున్నారు. ‘ఇన్‌ఫ్లేటెడ్’, ‘ఫిక్టీషియస్’, ‘ఇండిపెండెంట్ డైరెక్టర్’, ‘ఆడిట్ కమిటీ’ అన్న మాటలు ఆ ఒక్క కేసు చదివితే వచ్చేస్తాయి.

రాతలో పొరపాట్లు ఎక్కడొస్తాయంటే, మొదటిది ‘కంప్లయంట్’, ‘కంప్లైంట్’. ఐ తర్వాత ఎ వస్తే నిబంధనలకి లోబడినది. ఎ తర్వాత ఐ వస్తే ఫిర్యాదు. ‘మా కంపెనీ అన్ని చట్టాలకీ లోబడి ఉంది’ అని రాయబోయి ‘మా కంపెనీ ఫిర్యాదు’ అని పంపిన మెయిళ్లు తక్కువేం కాదు, స్పెల్ చెకర్ పట్టుకోదు, ఎందుకంటే రెండూ సరైన మాటలే. ‘ప్రిన్సిపుల్’ అంటే సూత్రం, ‘ప్రిన్సిపల్’ అంటే కాలేజీ పెద్ద లేదా అసలు. ‘మోరల్’ నీతి, చివర ఇ చేరిన ‘మొరాల్’ సిబ్బంది ఉత్సాహం. తర్వాతది విభక్తి మాటలు: ‘కంప్లై ద రూల్స్’ తప్పు, ‘కంప్లై విత్’. ‘ఎడ్‌హియర్ టు’, ‘ఇన్ బ్రీచ్ ఆఫ్’, ‘అకౌంటబుల్ టు ద బోర్డ్ ఫర్ ద ఫండ్స్’. ‘రైజ్ ఎ కన్సర్న్’ అంటారు, ‘గివ్ ఎ కన్సర్న్’ అనరు. మాటని ఒంటరిగా కాక, వెనకా ముందూ వచ్చే మాటతో జతగా రాసుకోండి.

పొట్టి మాటలతో ఇంకో తిప్పలు. మీ ఫ్యాక్టరీలో ‘సీఎఫ్‌వో’ అంటే కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే ‘కన్సెంట్ ఫర్ ఆపరేషన్’, ఫ్యాక్టరీ నడపడానికి అనుమతి. హెడ్డాఫీసులో అదే ‘చీఫ్ ఫైనాన్షియల్ ఆఫీసర్’. ‘సీఎఫ్‌వో రెన్యూవల్ పెండింగ్’ అని మెయిల్ వస్తే ఎవరి ఉద్యోగానికీ ముప్పు లేదు. ‘ఈసీ’ కూడా ఒకచోట పర్యావరణ అనుమతి, ఇంకోచోట కార్యవర్గం. మీరు రాసేటప్పుడు మొదటిసారి పూర్తిగా రాసి, తర్వాత నుంచే పొట్టిగా రాయండి.

పరీక్ష విషయానికొస్తే, చదవాల్సినవి వరసగా మీ కంపెనీ కోడ్ ఆఫ్ కాండక్ట్, బోర్డు నివేదికకి అనుబంధంగా ఉండే గత ఏడాది సీఎస్‌ఆర్ వార్షిక నివేదిక, తర్వాత మందుల రంగంలో ఏదైనా లిస్టెడ్ కంపెనీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే బీఆర్‌ఎస్‌ఆర్. మొదటిది రెండుసార్లు, మిగతావి అవసరమైన పేజీలు. ప్రశ్నలు ఎక్కువగా ‘మీ సహోద్యోగి నకిలీ బిల్లు పెట్టడం చూశారు, ఏం చేస్తారు’ అనే రకం. ‘అతన్నే నిలదీస్తాను’, ‘నేనే ఆధారాలు వెతుకుతాను’, ‘మొత్తం చిన్నదే కాబట్టి వదిలేస్తాను’ అన్న మూడూ తప్పు జవాబులే. మేనేజరుకో కంప్లయన్స్ అధికారికో చెప్పడం సరైనది. ఆ మేనేజరే బిల్లు మీద సంతకం పెట్టి ఉన్నాడని ప్రశ్నలో ఎక్కడో ఒక ముక్క దాచి ఉంచుతారు. అప్పుడు సరైన జవాబు హాట్‌లైన్.